ఫారం ‘ఇన్‌వ్యాలిడ్’ అంటోందా? ఉద్యోగ దరఖాస్తు మొరాయిస్తే ఇలా చేయండి

అందరికీ నమస్కారం. లాస్ట్ డేట్ దగ్గర పడింది, సబ్మిట్ నొక్కారు, ఎర్రక్షరాలతో ‘ఇన్‌వ్యాలిడ్’ అనొచ్చింది. ఏది ఇన్‌వ్యాలిడో మాత్రం చెప్పదు. శ్రీకాకుళం ఏడు రోడ్ల జంక్షన్ దాకా వెళ్లి నెట్ సెంటర్‌లో డబ్బులిచ్చి చేయించుకుందామంటే అక్కడా అదే సైటు, అవే ఎర్రక్షరాలు. చాలాసార్లు తప్పు మనది కాదు తమ్ముళ్లూ, ఫారందే. కానీ గడువు దాటితే నష్టపోయేది మనమే. అందుకని అది ఎక్కడ మొండికేస్తుందో ముందే చూసుకుందాం.

ముందు ఫోటో. నా స్క్రీన్ చూడండి. ఫోన్‌లో తీసిన ఫోటో ఇది, రెండు ఎంబీలు దాటింది. బ్యాంకు ఉద్యోగాల ఐబీపీఎస్ ఫారం అడిగేది 20 నుంచి 50 కేబీ, సంతకమైతే 10 నుంచి 20. ఏదో కంప్రెస్ యాప్‌లో పడేస్తే కేబీ తగ్గుతుంది, దాంతోపాటు మొహం కూడా మసకబారిపోతుంది. అలా వద్దు. కంప్యూటర్‌లో పెయింట్ తెరవండి. ముందు భుజాల దాకా క్రాప్ చేయండి. తర్వాత రీసైజ్‌లో పిక్సెల్స్ ఎంచుకుని 200 బై 230 కొట్టండి. జేపీజీగా సేవ్ చేయండి. ఇప్పుడు కింద సైజు ఎంతొచ్చింది? 14 కేబీ.

ఇదిగో, ఇక్కడే దొరికిపోతాం. ఎక్కువైతేనే తప్పనుకుంటాం గానీ, 20 కన్నా తక్కువైనా ఫారం తోసేస్తుంది. కంగారేం లేదు. 200 బై 230 అన్నది ‘ఇలా ఉంటే మంచిది’ అని ఇచ్చిన కొలతే. అదే నిష్పత్తిలో 300 బై 345 పెట్టి మళ్లీ సేవ్ చేయండి, కేబీ పెరుగుతుంది. చిన్నదైపోయిన ఫోటోని సాగదీయకండి, క్రాప్ చేసిన దాంతోనే మొదలుపెట్టండి. ఇంకోటి, పీఎన్‌జీ ఫైలు పేరు చివర జేపీజీ అని తగిలించినంత మాత్రాన అది జేపీజీ అయిపోదు, ‘సేవ్ యాజ్’లోకి వెళ్లి మార్చాల్సిందే. సంతకం అంతా క్యాపిటల్ లెటర్స్‌లో పెడితే ఐబీపీఎస్ ఒప్పుకోదు. ఆ ముక్క నోటిఫికేషన్‌లోనే ఉంటుంది, అంతదూరం చదివే ఓపిక ఎవరికుంది!

ఇప్పుడు అసలు తలనొప్పి, మన సిక్కోలు (శ్రీకాకుళం), విజయనగరం వాళ్లకే ప్రత్యేకం. జిల్లా కాలమ్. 2022 ఏప్రిల్ 4న రాష్ట్రంలో 13 జిల్లాలు 26 అయ్యాయి కదా. రాజాం, వంగర, సంతకవిటి విజయనగరంలోకి వెళ్లాయి. పాలకొండ, వీరఘట్టం, సీతంపేట పార్వతీపురం మన్యంలోకి వెళ్లాయి. పిన్ కోడ్ మాత్రం ఇప్పటికీ 532తోనే మొదలవుతుంది. రాజాం కుర్రాడు పిన్ కొట్టగానే జిల్లా దగ్గర ‘శ్రీకాకుళం’ అని పడిపోతుంది. సర్టిఫికెట్‌లో విజయనగరం, ఫారంలో శ్రీకాకుళం. ఏటి చేస్తాం?

పిన్ ముందు కొట్టండి, జిల్లా ఆ తర్వాత మార్చండి. ముందు జిల్లా పెట్టి తర్వాత పిన్ కొడితే, మీరు పెట్టింది చెరిగిపోతుంది. జిల్లా బూడిదరంగులో ఉండి కదలకపోయినా, లిస్టులో పార్వతీపురం మన్యం అన్నదే లేకపోయినా, అడ్రస్ లైన్‌లో మండలం పేరు, ఇప్పటి జిల్లా పేరు రెండూ రాసేయండి. ఆ స్క్రీన్‌ని షాట్ తీసి, సబ్మిట్ చేయకముందే హెల్ప్‌డెస్క్‌కి మెయిల్ పెట్టండి. జవాబు వస్తుందో రాదో గానీ, రేపు సర్టిఫికెట్ వెరిఫికేషన్‌లో అడిగితే తారీఖుతో సహా చూపించడానికి మీ దగ్గర కాగితం ఉంటుంది. ‘లోకల్ జిల్లా’ అన్న కాలమ్ వేరే, దాన్ని అడ్రస్‌తో కలపొద్దు. అది మీరు చదువుకున్న చోటుని బట్టి ఉంటుంది. స్టడీ సర్టిఫికెట్లు పక్కన పెట్టుకుని నింపండి.

చిన్నవి రెండు బేగి చెప్పేస్తాను. ఫోన్ కీబోర్డు సూచించిన మెయిల్ ఐడీని నొక్కితే చివర ఒక స్పేస్ పడుతుంది, కంటికి కనబడదు, ఫారం మాత్రం పట్టుకుంటుంది. వెనక్కి నొక్కి చెరిపేయండి. క్రోమ్‌లో తెలుగు అనువాదం ఆన్‌లో ఉంటే ఆపేయండి, దానివల్ల కొన్ని సైట్లలో బటన్లు పనిచేయవు.

ఇక ఫీజు. డబ్బు కట్ అయింది, ఫారంలో ‘పెండింగ్’ అనుంది. వెంటనే రెండోసారి కట్టకండి. యూపీఐ యాప్‌లో 12 అంకెల రిఫరెన్స్ నంబరు రాసుకుని, లాగౌటై మళ్లీ లాగినై పేమెంట్ స్టేటస్ చూడండి. రిజర్వ్ బ్యాంకు 2019 నిబంధన ప్రకారం, డబ్బు కట్ అయి అవతలివైపు కన్ఫర్మేషన్ చేరకపోతే లావాదేవీ జరిగాక 5 రోజుల్లోపు అది తిరిగి రావాలి, దాటితే రోజుకి 100 రూపాయలు పరిహారం. అయితే ఆఖరి రోజు సాయంత్రమైతే మాత్రం నా మాట వేరు. ఇంకోసారి కట్టేయండి. మొదటి డబ్బు తర్వాత అడుగుదాం, గడువు మళ్లీ రాదు.

చివరగా నింపిన ఫారం పీడీఎఫ్ దించుకున్నాక తెరిచి చూడండి. కొన్నిసార్లు అంతా బాగున్నట్టే ఉండి ఫోటో ఉండాల్సిన చోట ఖాళీ డబ్బా ఉంటుంది. అలా ఉంటే ఆ రోజే ఎడిట్ ఆప్షన్ ఉందేమో చూడండి, లేకపోతే రిజిస్ట్రేషన్ నంబరు వేసి మెయిల్ పెట్టండి. మీ ఫారం ఎక్కడ ఆగిందో ఆ ఎర్రక్షరాలు ఉన్నవి ఉన్నట్టు కామెంట్‌లో పెట్టండి, నంబర్లు మాత్రం చెరిపేసి.