సైకస్ చిగురు వేసే ఆ రెండు మూడు వారాలు

అందరికీ నమస్కారం. ఇంత ఎండలో మొక్కల కోసం వచ్చారు, చాలా సంతోషం.

ఇళ్ల ముందు, అపార్ట్‌మెంట్ గేట్ల పక్కన మనం పెట్టుకునే సైకస్ గురించి చెప్పుకుందాం. నర్సరీల్లో దీన్ని సాగో పామ్ అంటారు. కానీ ఇది తాటి, ఈత కుటుంబం కాదు. అసలు పువ్వే పూయదు. డైనోసార్ల కంటే ముందు నుంచీ ఉన్న వంశం. మనం పాయసం చేసుకునే సగ్గుబియ్యం కర్రపెండలం దుంప నుంచి వస్తుంది, దీని నుంచి కాదు. సైకస్ గింజ విషం కాబట్టే ముందుగా ఈ మాట చెప్తున్నాను. నారింజ ఎరుపులో ముద్దుగా ఉండే ఆ గింజలు ఒకటి రెండు నమిలినా కుక్కకు కాలేయం దెబ్బతిని ప్రాణం పోవచ్చు. చంటిపిల్లలున్న ఇంట్లో గింజలు కనిపించగానే తీసేయండి.

పెంచడం కష్టమేమీ కాదు. ఎర్రమట్టిలో ఇసుక, బాగా చివికిన పశువుల ఎరువు కలిపి, నీళ్లు నిలవకుండా చూస్తే చాలు. సైకస్ ఎండకు చావదు, ఎక్కువ నీళ్లకు చస్తుంది. దుంపలాంటి ఆ మొదలు మట్టి పైకి కనపడాలి, పూడ్చేయకూడదు. పిలక విడదీస్తే గాయం ఆరేదాకా వారం రోజులు నీడలో ఉంచి, తర్వాతే నాటండి. కుండీ మార్చేటప్పుడు పగడాల గుత్తిలాంటి వేర్లు కనిపిస్తే తెగులు అనుకుని కత్తిరించకండి. వాటిలో ఉండే నీలి ఆకుపచ్చ నాచు గాలిలోని నత్రజనిని మొక్కకు అందిస్తుంది.

ఇక అసలు విషయానికి వస్తాను. సైకస్ మామూలుగా ఏడాదికి ఒకటి రెండుసార్లే చిగురు వేస్తుంది. మొవ్వులోంచి ఆకులన్నీ ఒక్కసారే లేస్తాయి. దగ్గరికి వెళ్లి చూడండి. ఒక్కో చిన్న ఆకు గడియారం స్ప్రింగులా చుట్టుకుని, మెత్తటి నూగుతో, వేలు తగిలితే విరిగేంత లేతగా ఉంటుంది. రెండు మూడు వారాల్లో గట్టిపడుతుంది. ఏడాది పొడవునా ఆ మొక్క ఎలా కనపడాలన్నది ఈ కొద్ది రోజుల్లోనే తేలిపోతుంది.

సరిగ్గా అప్పుడే ఒక చిన్న సీతాకోకచిలుక వస్తుంది. మగదైతే రెక్కల పైన నీలం, వెనక రెక్కకు సన్నటి తోక, దాని పక్కన నారింజ రంగు అంచుతో నల్ల చుక్క. దాని శాస్త్రీయ నామం లూథ్రోడెస్ పాండవ. మన పాండవుల పేరే. లేత ఆకుల మీద గుండుసూది తలకన్నా చిన్న గుడ్లు పెడుతుంది. పురుగులు చిగురు రంగులోనే ఉంటాయి కాబట్టి కంటికి ఆనవు. చీమలు మాత్రం కనిపిస్తాయి. పురుగు ఇచ్చే తీపి ద్రవం కోసం అవి దాని చుట్టూ కాపలా తిరుగుతాయి. మొవ్వులోకి చీమల బారు కనిపించిందంటే పురుగు ఉందేమోనని వెంటనే వెతకండి.

ఒకసారి మా ఇంట్లో చిగురు లేచిన రోజే ఊరెళ్లాల్సి వచ్చింది. వారం తర్వాత తిరిగొస్తే ఈనెలు మాత్రమే మిగిలాయి, ఎండిన చేపముల్లులా. మళ్లీ చిగురు కోసం ఏడాది ఎదురుచూశాను. ఆ బాధతోనే ఇప్పుడు మీకు ఇంత వివరంగా చెప్తున్నాను.

నేను చేసేది ఇదీ. మొవ్వు కదలగానే పాత దోమతెరతో మొక్క పైభాగం వదులుగా కప్పి, కింద తాడుతో కట్టేస్తాను. ఆకు గట్టిపడ్డాక తీసేస్తాను. అప్పటికి పురుగు దాన్ని కొరకలేదు. తెర వేయడం ఆలస్యమైతే నీళ్లు చిమ్మి పురుగుల్ని రాల్చడం, లీటరుకు 5 మి.లీ. వేపనూనె కొంచెం సబ్బుతో కలిపి సాయంత్రం పూట కొట్టడం. ఈ సీతాకోకచిలుక మన నేలదే. దాన్ని చంపకుండా ఆపగలిగితే నాకు అదే ఇష్టం.

రెండో శత్రువు ఇంత మర్యాదస్థురాలు కాదు. ఆలకాస్పిస్ అనే పొలుసు పురుగు, పుట్టిల్లు థాయ్‌లాండ్ వైపు. ఆకు అడుగున సున్నం చల్లినట్టు కనిపిస్తుంది. 1996లో అమెరికాలోని మయామీలో బయటపడింది. 2003లో పసిఫిక్‌లోని గువాం దీవికి చేరింది. అంతకుముందు ఏడాది లెక్కల్లో ఆ దీవి అడవుల్లో అన్నిటికన్నా ఎక్కువగా ఉన్న చెట్టు అక్కడి సైకసే. 2006కల్లా అది అంతరించే ప్రమాదమున్న జాతుల జాబితాలోకి వెళ్లింది. పొలుసును తినే ఒక పెంకుపురుగును తెచ్చి వదిలితే పెద్ద చెట్లకు కొంత ఊరట దొరికింది. కానీ అది నేలకు దగ్గరగా ఉన్న పిల్లమొక్కల దాకా సరిగా దిగలేదు. ఎదిగే తరమే పోయింది. తలచుకుంటే మనసు కలుక్కుమంటుంది.

ఈ పొలుసు వేర్ల మీద కూడా ఉంటుంది. పైన మందు కొట్టి ఊరుకుంటే మళ్లీ వస్తుంది. బాగా పట్టిన ఆకుల్ని కోసి సంచిలో మూసి పారేయండి. మిగతా ఆకుల అడుగుభాగం తడిసేలా హార్టికల్చర్ ఆయిల్, అంటే మొక్కల మీద పురుగులకు కొట్టే నూనె, వారం పది రోజులకోసారి కొట్టండి. చచ్చిన పొలుసు ఆకుకే అతుక్కుని ఉంటుంది కాబట్టి, కొత్త చిగురు శుభ్రంగా ఉందో లేదో చూసే మందు పనిచేసిందీ లేనిదీ తేల్చుకోవాలి.

కొత్త ఆకులు పసుపుగా, మాడి ముడుచుకున్నట్టు వస్తే అన్నిసార్లూ పురుగని అనుకోకండి. మాంగనీస్ లోపం కావచ్చు. మట్టికి మాంగనీస్ సల్ఫేట్ ఇస్తే తర్వాతి చిగురు బాగా వస్తుంది, చెడిన ఆకు మాత్రం బాగుపడదు.

మన తిరుమల, కడప కొండల్లో మనకే సొంతమైన సైకస్ ఒకటుంది, సైకస్ బెడ్డోమి. పేరీత అంటారు, మదనమస్తు అనీ అంటారు. ప్రపంచంలో మరెక్కడా సహజంగా పెరగదు. మందుల పేరుతో దాని మగ కంకుల్ని కోసుకుపోతున్నారు. అంతరించే ప్రమాదమున్న జీవుల వ్యాపారాన్ని అదుపుచేసే అంతర్జాతీయ ఒప్పందం సైటీస్, దాని అతి కఠినమైన మొదటి అనుబంధంలో ఉన్న మొక్క అది. అడవి నుంచి తెచ్చామని ఎవరైనా అమ్మజూపితే దయచేసి కొనకండి. నర్సరీలో కొనే సైకస్‌ను కూడా ఆకు తిరగేసి చూసి, రెండు మూడు వారాలు మిగతావాటికి దూరంగా పెట్టాకే తోటలోకి తీసుకెళ్లండి.

తెగులు సోకిన ఆకులు తెచ్చినవాళ్లు ముందుకు రండి, చూద్దాం. కవరు మాత్రం ఇక్కడ విప్పకండి. పొలుసు పిల్లలు గాలికి ఎగిరిపోతాయి, బయట వరండాలోనే కుండీలున్నాయి.