పాత పెచోరాకు చక్రాలు కట్టారు, కానీ దేనికి?

నమస్కారం. 2025 మేలో, ఆపరేషన్ సిందూర్ సమయంలో మన ప్రభుత్వం చెప్పిన గగనతల రక్షణ వ్యవస్థల్లో ఆకాశ్‌తో పాటు పెచోరా పేరు కూడా ఉంది. 1961లో సోవియట్ సైన్యంలోకి వచ్చిన ఎస్-125 క్షిపణి వ్యవస్థే ఇది. ఇంత పాతది ఇంకా ఎందుకు?

క్షిపణి ఘన ఇంధనంతో నడుస్తుంది. దాని అన్న, అంటే అంతకుముందు వచ్చిన సోవియట్ క్షిపణి ఎస్-75లో విషపు ద్రవ ఇంధనం, దాన్ని కాపాడటమే పెద్ద టెన్షన్. అందుకే చాలా దేశాలు ఎస్-125నే బాగుచేసి వాడుకున్నాయి.

అసలు చిక్కు రాడార్‌తో. ఈ క్షిపణికి సొంత కళ్లు లేవు. లక్ష్యాన్ని తాకేదాకా కింది నుంచి రేడియో ఆదేశాలు అందాల్సిందే. రాడార్ ఆన్ అయిందంటే ఆ సిగ్నల్ పట్టుకుని అమెరికా హార్మ్ క్షిపణి నేరుగా వచ్చి పడుతుంది. లాంచర్లేమో నేలమీద దింపి, కేబుళ్లు కలిపి పెట్టేవి. లేచి పారిపోవడం అంత తేలిక కాదు.

1999లో నాటో విమానాలు బాంబులు వేస్తున్నప్పుడు, సెర్బియాలో ఎస్-125 దళాన్ని నడిపిన జోల్టాన్ డానీ అనే అధికారి ఏం చేశాడో చూడండి. క్షిపణికి దారి చూపే గైడెన్స్ రాడార్‌ను 20 సెకన్లకు మించి ఆన్‌లో ఉంచొద్దన్నాడు. గంటన్నరలో అంతా సర్దుకుని చోటు మారేలా సిబ్బందికి తర్ఫీదు ఇచ్చాడు. దూరం నుంచి విమానాలను పసిగట్టడానికి ట్రక్కులమీద తిరిగే పాత పీ-18 రాడార్ ఉండేది. దాని మీటర్ పొడవు తరంగాల ముందు స్టెల్త్ ఆకారం, అంటే రాడార్‌కు చిక్కకుండా మలిచిన ఆకారం, అంతగా పనిచేయదు. మార్చి 27 రాత్రి బుజానోవ్‌ట్సి ఊరి దగ్గర అమెరికా స్టెల్త్ విమానం ఎఫ్-117 కూలింది. మే 2న ఒక ఎఫ్-16 కూడా. కొత్త క్షిపణి ఒక్కటీ లేదు, గమనించండి!

డానీ చెమటోడ్చి చేసిన పనినే యంత్రాలతో చేయించడం, నా లెక్కలో ఆధునికీకరణంటే అదే. పోలండ్ లాంచర్‌ను టీ-55 ట్యాంకు ఛాసిస్ మీదికి ఎక్కించింది, రాడార్‌ను భారీ ట్రక్కు మీదికి. రష్యా పెచోరా-2ఎం కూడా ట్రక్కుల మీదే. పాత వాక్యూమ్ ట్యూబులు పోయి డిజిటల్ సర్క్యూట్లు వచ్చాయి. థర్మల్ కెమెరా ఉంటే లక్ష్యాన్ని వెంబడించడానికి రాడార్ కిరణమే అక్కర్లేదు. ఆదేశాలు పంపే రేడియో మాత్రం తప్పదు, కాబట్టి పూర్తిగా కనబడకుండా పోతుందనే ప్రచారాన్ని నమ్మకండి. లాంచర్‌కు మాత్రమే చక్రాలిచ్చి రాడార్‌ను పాతచోటే వదిలేస్తే, అది పరేడ్‌లో ఫొటోకు పనికొస్తుంది, అంతే.

మన దగ్గర 2020లో 16 పెచోరా వ్యవస్థల డిజిటైజేషన్ పనిని సుమారు 591 కోట్లకు బెంగళూరులోని ఆల్ఫా డిజైన్‌కు ఇచ్చారు. ఎంత బాగుచేసినా దీనికో హద్దుంది. పాత డిజైన్‌లో ఒక గైడెన్స్ రాడార్ ఒకసారి ఒక లక్ష్యాన్నే చూసుకోగలదు. డ్రోన్లు గుంపుగా వస్తే పెచోరాకు చేతులు చాలవు. అక్కడ మన హైదరాబాద్ బీడీఎల్ (భారత్ డైనమిక్స్)లో తయారయ్యే ఆకాశ్, కింద విమాన విధ్వంసక తుపాకులు ఉండాల్సిందే.