కుక్కకి ఆపరేషన్ అయ్యాక కుట్లు చీము పడుతున్నాయా?

ఆడకుక్కకి పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించారు. నాలుగోరోజుకి కుట్టు దగ్గర వాచింది. భయపడాలా?

మొదటి రెండు మూడు రోజులు అంచులు కాస్త ఎర్రగా ఉండటం మామూలే. ఆ తర్వాత తగ్గాలి. తగ్గకపోగా పెరుగుతుంటే, ముట్టుకుంటే వేడిగా ఉంటే, చీము కారి వాసనొస్తే ఇన్ఫెక్షనే అనుకోండి. నీళ్ళ బుడగలా మెత్తగా ఊగుతూ నొప్పి లేకపోతే అది చాలావరకు సెరోమా, అంటే కుట్టు కింద చేరిన నీరు. డాక్టర్‌కి చూపించండి, అంతేగానీ ఇంట్లో సూదితో గుచ్చొద్దు. క్రిములు సూదితోపాటే లోపలికి పోతాయి.

అసలా క్రిమి ఎక్కడిది? ఎక్కువసార్లు కుక్క చర్మం మీదే బతికే స్టాఫిలోకాకస్ సూడింటర్‌మీడియస్. అందుకే కోతకి ముందు గంట కీలకం. ముందురోజు ఇంట్లో రేజర్‌తో బొచ్చు గీకకండి, ఆ సన్నటి గాట్లలో రాత్రంతా క్రిములు పెరుగుతాయి. మత్తిచ్చాక క్లిప్పర్‌తో తీసి, క్రిముల్ని చంపే క్లోర్‌హెక్సిడిన్ మందుతో కడగాలి. యాంటీబయాటిక్ అవసరమైన కేసుల్లో సెఫజోలిన్, కిలోకి 22 మిల్లీగ్రాములు, కోతకి 30 నుంచి 60 నిమిషాల ముందు నరానికి ఎక్కిస్తారు. ఆపరేషన్ సాగితే 90 నిమిషాలకోసారి మళ్ళీ. బ్లేడు పడే సమయానికి మందు కండలో ఉండాలి మరి! అప్పుడు వదిలేసి తర్వాత వారంపాటు మాత్రలు మింగించినా ఆ లోటు తీరదు.

ఇక ఇంటికొచ్చాక కాలర్, అంటే కుట్టు నాకకుండా మెడచుట్టూ కట్టే గరాటులాంటి తొడుగు. "పాపం, చిరాకు పడుతోంది" అని రాత్రి తీసేస్తారు, తెల్లారేసరికి కుట్టు ఊడి ఉంటుంది. నాకితే పుండు మానుతుందన్న మాట నమ్మకండి. కాలర్ అంచు ముక్కు కొస దాటి ఉండాలి, కుట్లు తీసేదాకా, అంటే 10 నుంచి 14 రోజులు, రాత్రింబగళ్ళు ఉంచాల్సిందే. అన్నాళ్ళూ స్నానం వద్దు, కాలవలో ఈత అసలే వద్దు.

పసుపు, కొబ్బరినూనె పూయకండి. పొడి మందు చల్లితే అట్టకట్టి కింద తడి నిలుస్తుంది. హైడ్రోజన్ పెరాక్సైడ్ కొత్తగా పుట్టే కణాల్నీ చంపుతుంది.

బెజవాడ, గుంటూరు ఎండల్లో ఇంకో తలనొప్పి ఈగలు. చీము మీద గుడ్లు పెడితే రోజు తిరిగేసరికి పురుగులే. ఇంట్లో ఫ్యాను కిందే ఉంచండి.

జ్వరం 103 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటినా, తిండి మానేసినా, కుట్టు విడిపోయినా అదే రోజు తీసుకెళ్ళండి. కొత్త యాంటీబయాటిక్ మొదలుపెట్టేముందు చీము శాంపిల్ కల్చర్‌కి, అంటే ఏ క్రిమో, ఏ మందుకి లొంగుతుందో తేల్చే ల్యాబ్ పరీక్షకి పంపమని అడగండి, మామూలు మందులకి లొంగని రకాలున్నాయి. నొప్పికి మన మాత్రలు మాత్రం వేయకండి. పిల్లికైతే ఒక్క పారాసిటమాల్ బిళ్ళ ప్రాణం తీయగలదు.