జాకెట్టు గుడ్డతో తాంబూలం సంచి: ఆరే ఆరు కుట్లు

నమస్కారం అండి. విజయనగరం నుంచి మాట్లాడుతున్నాను. వెనకాల సుత్తి చప్పుడు వినిపిస్తే ఏమీ అనుకోకండి. పైడితల్లమ్మ పండగ దగ్గరికొచ్చేసింది, మా వీధిలో పందిరి వేస్తున్నారు.

(బీరువా కింది అర చూపిస్తూ)

ముందు ఇది చూడండి. ఇవన్నీ జాకెట్టు గుడ్డలే. పెళ్ళిళ్ళలో పెట్టినవి, గృహప్రవేశాల్లో పెట్టినవి, శ్రావణమాసం వాయనాల్లో వచ్చినవి. ముప్పై దాకా ఉంటాయి. వీటిలో ఒక్కటైనా నేను కుట్టించుకుంటానా అంటే, లేదు. ఒకరు మనకి పెడతారు, మనం ఇంకొకరికి పెడతాం, వాళ్ళు మరొకరికి పెడతారు. ఒకసారి నేను పెట్టిన గుడ్డ రెండేళ్ళు ఊరంతా తిరిగి మళ్ళీ నా చేతికే వచ్చింది. అంచు మీద నా పెన్ను గీత ఉంది కాబట్టి గుర్తుపట్టాను. ఆ తిరుగుడు ఆపడానికే ఈ వీడియో.

ఈ గుడ్డతో బొందు సంచి కుడదాం. విజయదశమి వెళ్ళిన మంగళవారం మాకు సిరిమాను, అంటే పైడితల్లమ్మ అసలు పండగ. దాని ముందురోజు తొలేళ్ళు. ఆదివారం రాత్రికే మా ఇంట్లో చాపలు చాలవు. చుట్టాలు తిరిగి వెళ్ళేటప్పుడు ఆడవాళ్ళకి పండూ తాంబూలం ఇస్తాం కదా, ఇన్నాళ్ళూ ప్లాస్టిక్ కవర్లో పెట్టి ఇచ్చేవాళ్ళం. నిరుటి నుంచి ఈ సంచిలో పెట్టి ఇస్తున్నాను. మెషిన్ మీద ఇప్పటిదాకా చెయ్యి పెట్టనివాళ్ళు కూడా కుట్టచ్చు. ఎక్కడా వంపు లేదు. అన్నీ తిన్నని కుట్లే, లెక్కపెట్టి ఆరు.

సంచే ఎందుకంటారా? నేను మెషిన్ ఎక్కిన నెలకే అమ్మకి నైటీ కుట్టాను. మెడ ఒక పక్కకి పోయింది, చంక ఇంకో పక్కకి పోయింది. అమ్మ పాపం బాగుందనే అంది. ఇప్పుడది మా వంటింట్లో మసిగుడ్డ. సంచికి మెడ లేదు, చంక లేదు, ఎవరి కొలతా అక్కర్లేదు. అర అంగుళం తేడా వచ్చినా పుచ్చుకున్నవాళ్ళకి తెలీదు.

సరే, గుడ్డ సంగతి. మొదటిసారికి కాటన్ తీసుకోండి. మెరిసే గుడ్డలు వద్దు, ఫుట్ కింద, అంటే మెషిన్‌లో గుడ్డని నొక్కిపట్టే పాదం కింద, జారిపోతాయి. కాటనో కాదో తెలీకపోతే అంచులోంచి నాలుగు పోగులు లాగి, సింకు దగ్గర నిలబడి అగ్గిపుల్లతో అంటించండి. కాటనైతే కాగితం కాలిన వాసన వచ్చి బూడిదైపోతుంది. సింథటిక్ అయితే కరిగి చిన్న పూసలా గట్టిపడుతుంది. టూ బై టూ రూబియా, అదే జాకెట్లకి వాడే సన్న కాటన్ గుడ్డ, దొరికితే హాయి. మా ఊళ్ళో గంటస్తంభం దగ్గరికి వెళ్తే ఏ రంగు కావాలన్నా తీస్తారు, కానీ ముందు మీ బీరువా వెతకండి.

ఇప్పుడు ఉతకాలి. కొత్త గుడ్డే కదా అని వదిలేయకండి. నేను వదిలేశాను. మా పిన్నికి ఎర్ర గుడ్డతో సంచి కుట్టిచ్చాను, ఆవిడ అందులో తడి ఆరని తమలపాకులు పెట్టి తెల్ల చీర మీద ఒళ్ళో పెట్టుకుని బస్సులో కూర్చుంది. రాజాం చేరేసరికి చీర మీద ఎర్రటి మరక. ఫోన్ చేసి తిట్టలేదు, అది ఇంకా బాధ. అందుకని గుడ్డని ఒక పూట నీళ్ళలో నానేయండి, రంగు దిగితే నీళ్ళు మార్చి మళ్ళీ నానేయండి. ఉప్పు వేస్తే రంగు ఆగుతుందంటారు, నాకైతే ఆగలేదు. నాలుగోసారి కూడా నీళ్ళు ఎర్రగానే ఉంటే ఆ గుడ్డ పక్కన పెట్టేయండి. కుంచించుకుపోయేది కూడా ఈ తడుపులోనే పోతుంది. ఆరాక, ఇంకా కాస్త చెమ్మ ఉండగానే ఇస్త్రీ చెయ్యండి.

(గుడ్డ రెండు చేతులతో పట్టుకుని)

కత్తెర పెట్టే ముందు ఒక్క మాట. ఇది మా నానమ్మ దగ్గర నేర్చుకున్నది. ఆవిడ పుట్టిల్లు పొందూరు దగ్గర పల్లె. పొందూరు ఖాదీ అంటే తెలుసు కదా, శ్రీకాకుళం జిల్లా. అక్కడ పత్తిని వాలుగ చేప దవడతో దువ్వుతారు. ఆ చేప పళ్ళు సన్నటి దువ్వెనలా ఉంటాయి, నలుసులు వచ్చేసి పీచు వరసగా పడుకుంటుంది. ఆ తర్వాత ఏకుతారు, వడుకుతారు. చిన్నప్పుడు నానమ్మ కూడా ఆ దువ్వే పని చేసింది. అందుకేనేమో, ఏ గుడ్డ చేతికిచ్చినా ముందు లాగి చూస్తుంది.

మీరూ లాగండి. ఇలా, నిలువుగా. సాగలేదు. ఇది పడుగు. ఇప్పుడు అడ్డంగా. కొంచెం సాగింది. ఇది పేక. ఇప్పుడు ఐమూలగా, మూల నుంచి మూలకి. చూశారా, ఎంత సాగిందో! జాకెట్టు చేతులకి, మెడ పట్టీకి ఆ సాగుడు కావాలి. సంచికి వద్దు. గుడ్డ కొంచెం ఐమూలకి తిరిగి కోశారంటే, ఎంత తిన్నగా కుట్టినా సంచి ఉతికాక మెలి తిరుగుతుంది. చాలామంది కుట్టు వంకరపోయిందనుకుంటారు. వంకర కుట్టులో లేదు, కోతలోనే ఉంది.

తిన్నగా కొయ్యడానికి సులువు దారి, అంచున చిన్న గాటు పెట్టి చింపేయడమే. (చింపుతూ) కాటన్ పోగు వెంబడే చిరుగుతుంది, అదే మీకు స్కేలు. భయమేస్తే ఒక్క పోగు లాగేయండి, అక్కడ గీత పడుతుంది, దాని మీద కత్తెర వేయండి.

కొలత రాసుకోండి. ఒక సంచికి 10 అంగుళాల వెడల్పు, 26 అంగుళాల పొడుగు. అంతా ఒకే ముక్క, అడుగున కుట్టు లేదు, మడతే అడుగు. పన్నా, అంటే గుడ్డ వెడల్పు, 36 అంగుళాలు, పొడుగు 80 సెంటీమీటర్లు ఉన్న గుడ్డలో మూడు సంచులు వస్తాయి. మిగిలిన పీలికలు పారేయకండి, బొందులకి కావాలి.

ఇక మెషిన్. ఇది నానమ్మ తొక్కుడు మెషిన్. మీది మోటారుదైనా ఇదే పద్ధతి. 14 నంబరు సూది వేశాను, ఈ గుడ్డకి సరిపోతుంది. సూదికి ఒక పక్క పొడుగ్గా గాడి ఉంటుంది చూడండి, దారం ఆ గాడి ఉన్న పక్క నుంచే ఎక్కించాలి.

దారం లేకుండా ముందు రూళ్ళ కాగితం మీద కుట్టండి. పాత సూది వేయండి, కాగితం సూదిని మొద్దు చేసేస్తుంది. గీత మీద బొట్లు పడుతున్నాయా లేదా చూసుకోండి. తొక్కుడు మెషిన్‌లో ఇంకో ఇబ్బంది, చక్రం వెనక్కి తిరిగిపోతుంది, దారం పుటుక్కుమంటుంది. చక్రం పైభాగం మన వైపుకి రావాలి. చేత్తో తిప్పి, అప్పుడు కాలు వెయ్యండి. కాలికీ చేతికీ పొత్తు కుదరడానికి నాకు వారం పట్టింది. మీకు రెండు రోజుల్లో కుదిరితే నాకు చెప్పకండి, కుళ్ళుకుంటాను.

కుట్టేటప్పుడు చూపు సూది మీద పెట్టకండి. ఫుట్ అంచు మీద పెట్టండి. గుడ్డని వెనక నుంచి లాగకండి. నేను లాగుతుంటే నానమ్మ అనేది, "ఏటే, అలా గుంజుతావేటి? అదే ఎల్తాది, నువ్వు చెయ్యి ఆనించు సాలు" అని. గుంజితే సూది వంగుతుంది, వంగితే విరుగుతుంది.

మొదటి రెండు కుట్లు పొడుగు అంచులవి. గుడ్డ లోపలి పక్క పైకి పెట్టండి. అంచుని పావు అంగుళం మడిచి, దాన్నే మళ్ళీ పావు అంగుళం మడవాలి. ఇదంతా మెషిన్ దగ్గర కాదు, ఇస్త్రీ పెట్టె దగ్గర. పాత శుభలేఖ అట్ట తీసుకోండి, మెరుపు అచ్చు లేనిది. అంచు నుంచి అర అంగుళం లోపల గీత గీయండి. గుడ్డ అంచుని ఆ గీత దాకా అట్ట మీదికి మడిచి ఇస్త్రీ చేస్తూ పోండి. తర్వాత అట్ట తీసేసి, గుడ్డ అంచుని ఆ మడత గీత దాకా లోపలికి దోపి మళ్ళీ ఇస్త్రీ. అంతే, 26 అంగుళాలూ సమంగా వస్తుంది. నేనైతే కుట్టడానికి పట్టినదానికి రెండింతల టైం ఇస్త్రీ దగ్గరే గడుపుతాను. టైలరు కుట్టినట్టుందే అని ఎవరైనా అన్నారంటే అది ఈ ఇస్త్రీ వల్లే.

(కుడుతూ)

ఇలా మడత లోపలి అంచు పక్కనే... ఆగండి. చప్పుడు మారింది. (గుడ్డ తిరగేసి) చూడండి, కింద దారమంతా గుత్తి కట్టేసింది. ఈ ముక్క కట్ చెయ్యను, ఉండనీ. మీకు ఇది జరిగి తీరుతుంది.

గుత్తి కింద పడింది కాబట్టి తప్పు బాబిన్‌ది, అంటే కింది దారం చుట్టిన చిన్న చక్రానిది, అనుకుని బాబిన్ కేసు విప్పేస్తాం. దాదాపు ప్రతిసారీ తప్పు పై దారానిది. పై దారాన్ని బిగువుగా పట్టుకునే టెన్షన్ బిళ్ళల మధ్యలోకి దారం దిగకపోతే ఇలాగే అవుతుంది. ఫుట్ దింపి ఉన్నప్పుడు ఆ బిళ్ళలు బిగుసుకుని ఉంటాయి, దారం లోపలికి పోదు. అందుకని ఫుట్ పైకెత్తి, పై దారం మొదటి నుంచి మళ్ళీ ఎక్కించాలి. ఇందాక మాట్లాడుతూ ఫుట్ దింపేసి ఎక్కించాను, అదీ సంగతి. ఇంకోటి, మొదలుపెట్టేటప్పుడు రెండు దారాల కొసలూ నాలుగు అంగుళాలు వెనక్కి వదిలి వేలితో పట్టుకోండి. మూడు కుట్లు పడ్డాక వదిలేయచ్చు.

సరే, విప్పేశాను. మళ్ళీ కుట్టాను. ఒకటి, రెండు అయిపోయాయి.

మూడు, నాలుగు కుట్లు బొందు దూరే గొట్టానివి. పొట్టి అంచుని అర అంగుళం మడిచి, మళ్ళీ ఒక అంగుళం మడిచి, కింది మడత పక్కన కుట్టండి. ఈ కొసన ఒకటి, ఆ కొసన ఒకటి. మొదట్లో, చివర్లో నాలుగైదు కుట్లు వెనక్కి కొట్టండి, బొందు లాగినప్పుడల్లా బరువు అక్కడే పడుతుంది. మీ పాత మెషిన్‌కి వెనక్కి కుట్టే మీట లేకపోతే గుడ్డనే తిప్పి అదే దారిన మళ్ళీ రండి.

ఐదు, ఆరు పక్క కుట్లు. గుడ్డ మంచి వైపు లోపలికి పోయేలా సగానికి మడవండి. రెండు గొట్టాలూ పైన ఒకదానికొకటి సమంగా ఉండాలి. ఇప్పుడు జాగ్రత్త. కుట్టు పై నుంచి కాదు, గొట్టం కుట్టు కిందనుంచి మొదలవ్వాలి. పై నుంచి కుట్టేస్తే గొట్టం నోరు మూసుకుపోతుంది, బొందు దూరదు. వరసగా మూడు సంచులు అలా కుట్టి, పూర్తయ్యాక చూసుకున్నదాన్ని నేను. ఇక్కడ చాక్‌తో గుర్తు పెట్టుకోండి. గుర్తు దగ్గర మూడుసార్లు ముందుకీ వెనక్కీ కొట్టి, మడత కుట్టుకి ఆనుకుని లోపలి పక్కగా అడుగు దాకా వచ్చేయండి. రెండో పక్కా అంతే.

తిరగేయండి. మూలలు వేలితో తోయండి, కత్తెర మొనతో పొడవకండి, చిరుగుతుంది.

(సంచి లోపల చూపిస్తూ)

లోపల చూడండి, ఎక్కడా పోగులు లేచిన అంచు లేదు. ముందే మడిచి కుట్టేశాం కాబట్టి పోగులు లేవకుండా అంచు కుట్టించే ఓవర్‌లాక్ కోసం షాపుకి పరిగెత్తక్కర్లేదు. ఎనిమిది అంగుళాల పైన వెడల్పు, పదకొండున్నర లోతు వస్తుంది. ఆకూ వక్కా, రెండు అరటిపళ్ళు, పసుపు, కుంకుమ, ఒక కొబ్బరికాయ పడతాయి.

బొందులు రెండు కావాలి. అంగుళంన్నర వెడల్పు పీలిక, పాతిక అంగుళాల పొడుగు. రెండంచులూ మధ్యకి మడిచి, మళ్ళీ సగానికి మడిచి ఒక కుట్టు. ఆరు కుట్లని చెప్పి ఇదేంటంటారేమో, బొందులు లెక్కలో లేవు. ఓపిక లేకపోతే లంగా నాడా కొనేయండి. బొందు కొసకి పిన్నీసు గుచ్చి కుడి పక్కన దూర్చండి, ముందు గొట్టంలోంచి పోయి, వెనక గొట్టంలోంచి తిరిగి కుడి పక్కకే రావాలి. రెండు కొసలూ ముడేయండి. రెండోది ఎడమ పక్క నుంచి అలాగే. రెండు పక్కలా లాగితే మూతి బిగుస్తుంది.

ఎవరికిస్తున్నారో దాన్ని బట్టి కొంచెం మార్చుకోండి. మా నానమ్మకి వేళ్ళు వంగవు, అందుకని బొందు ఇంకో ఐదు అంగుళాలు పొడుగు పెట్టి, కొసన పెద్ద ముడి వేశాను. పక్కింటి గుంటడికి గోలీల సంచి, అది సగం సైజు. నా స్నేహితురాలు ఆఫీసుకి టిఫిన్ డబ్బా తీసుకెళ్తుంది, ఆమెకి లోపల అస్తరు వేసి కుట్టాను, అది ఇంకో వీడియోలో చూపిస్తాను. తాతయ్య పొందూరు పంచె ఒకటి నానమ్మ దాచింది. అంచు చిరిగింది కదా, దాంతో కుట్టమంటోంది. గుడ్డ చాలా సన్నం, 11 నంబరు సూది వేయాలి. సూది తెచ్చి కూడా నెల అయ్యింది. కత్తెర పెట్టడానికి ఇంకా చెయ్యి రావట్లేదు నాకు.

ఇవి పదకొండు అయ్యాయి, తొలేళ్ళలోపు ఇంకా ఏడు కుట్టాలి. ఉంటానండి మరి, ఇస్త్రీ పెట్టె వేడెక్కింది.