సగం తోక ఫోటోకే విలువ ఎక్కువ: తిరుపతి, చిత్తూరు అడవుల్లో ఒక ఏడాది

[తెర: పక్కపక్కన రెండు ఫోటోలు. ఎడమ వైపు బండ మీద సాయంకాలపు ఎండలో కూర్చున్న చిరుత. కుడి వైపు నలుపు తెలుపుల్లో, పొదల్లోకి వెళ్లిపోతున్న చిరుత వెనక భాగం, సగం తోక. కింద మూలన తేదీ, సమయం.]

వ్యాఖ్యాత: వీటిలో దేన్ని స్టేటస్‌లో పెట్టుకుంటారో మిమ్మల్ని అడగనక్కర్లేదు. అటవీ సిబ్బందికి మాత్రం కుడి వైపుదే కావాలి. అది ఏ రోజుదో, ఎన్ని గంటలకు తీసిందో దాని మీదే ఉంది. కెమెరాను ఏ చెట్టుకు కట్టారో రికార్డులో ఉంది. తొడ మీది మచ్చల్ని బట్టి అది ఏ చిరుతో కూడా పోల్చుకోవచ్చు. మొదటి ఫోటో నుంచి చిరుత అందంగా ఉంటుందని తెలుస్తుంది. ఆ సంగతి మనకు ముందే తెలుసు.

మన అడవుల్లో ఒక ఏడాదిని ఈ రెండో రకం ఫోటోల్లోంచి చూద్దాం.

[తెర: జనవరి. నేలపట్టు చెరువు, నీళ్లలో నిలిచిన చెట్ల మీద గూడబాతులు.]

2022లో జిల్లాలు మారాక నేలపట్టు, సూళ్లూరుపేట తిరుపతి జిల్లాలోకి వచ్చాయి. కాబట్టి మన ఏడాది కొండ మీద కాక నీళ్లలో మొదలవుతుంది. ఈశాన్య రుతుపవనాలకు చెరువు నిండితే గూడబాతులు, నత్తగుల్ల కొంగలు ఇక్కడ గూళ్లు కట్టి పిల్లల్ని పెంచుతాయి. పక్షుల పండగ రోజుల్లో పక్షుల కంటే లెన్సులే ఎక్కువేమో అనిపిస్తుంది. పనికొచ్చేది ఏటా ఒకే చోట నిలబడి, అవే చెట్లను తీసిన ఫోటో. అందులో గూళ్లు లెక్కపెట్టవచ్చు, ఏ చెట్టు ఎండిపోయిందో చూడవచ్చు. పులికాట్‌లో రాజహంసల మీదికి డ్రోన్ పంపి, అవి బెదిరి ఒక్కసారిగా లేచే దృశ్యం తీసేవారూ ఉన్నారు. ఆ వీడియోలు ఈ ఛానెల్‌లో కనిపించవు.

[తెర: ఏప్రిల్. ఎండిన అడవి, సాసర్ పిట్, చెట్టు మొదలుకు కట్టిన కెమెరా.]

వేసవిలో అడవి జంతువుల కోసం అటవీశాఖ సాసర్ పిట్లలో, అంటే పళ్లెంలా లోతు తక్కువగా నేలలో కట్టిన తొట్లలో, నీళ్లు నింపుతుంది. వాటి పక్కన మోకాలి ఎత్తున చెట్టుకు కట్టిన పెట్టె కెమెరా ట్రాప్. దాని వెనక మనిషి ఉండడు. వెచ్చని ఒళ్లు ఎదురుగా కదిలితే సెన్సర్ ఆ వేడిలో తేడాను పసిగట్టి ఫోటో తీస్తుంది. మన ఎండలు దానికీ కష్టమే. బండరాయి జంతువు ఒంటికన్నా ఎక్కువ కాగినప్పుడు ఊగిన గడ్డికి కూడా క్లిక్కుమంటుంది. ఖాళీ ఫోటోల మధ్యలోంచి దుప్పి, కణితి, కొండగొర్రె, ఎలుగుబంటి, రేచుకుక్కలను ఏరుకోవాలి. రాత్రి ఫోటోల్లో పునుగుపిల్లి దొరికితే తిరుపతివాళ్లకు కాస్త ప్రత్యేకంగా అనిపిస్తుంది. శ్రీవారికి శుక్రవారం అభిషేకం తరవాత పూసే పునుగు తైలం ఈ జాతి జంతువు నుంచే వస్తుంది మరి.

ఈ ఆలోచన కొత్తది కాదు. 1920లలో చాంపియన్ అనే అటవీ అధికారి ఇప్పటి ఉత్తరాఖండ్‌లోని కుమావూ అడవుల్లో దారికి అడ్డంగా తీగ కట్టి, పులి కాలు తగిలితే దాని ఫోటో అదే పడేలా ఏర్పాటు చేశాడు. 1990ల మొదట్లో పులులను అధ్యయనం చేసే శాస్త్రవేత్త ఉల్లాస్ కారంత్ కర్ణాటకలోని నాగరహొళె అడవిలో ఇలాంటి ఫోటోలతోనే పులులను లెక్కగట్టే పద్ధతిని నిలబెట్టారు. 2018 జాతీయ పులుల గణనలో 26,838 చోట్ల కెమెరాలు పెడితే సుమారు 3.5 కోట్ల ఫోటోలు వచ్చాయి. వాటిలో పులులున్నవి 76,651, చిరుతలున్నవి 51,777. మిగతా వాటిలో ఎంత గడ్డి ఊగిందో ఊహించుకోండి.

[తెర: అలిపిరి మెట్లు. ఆ తరవాత, ఒకే చిరుత ఎడమ పక్క, కుడి పక్క.]

ఇక అసలు విషయానికి వద్దాం. 2023 జూన్‌లో తిరుమల నడకదారిలో ఒక బాలుణ్ణి చిరుత పట్టుకుంది. అతను బతికాడు. ఆగస్టులో ఆరేళ్ల పాప చనిపోయింది. మధ్యాహ్నం రెండు తరవాత పిల్లలను నడకదారిలోకి అనుమతించలేదు, భక్తుల చేతికి కర్రలిచ్చారు, బోన్లు పెట్టి వరసగా చిరుతలను పట్టారు. కర్రల మీద అప్పట్లో చాలా జోకులు వచ్చాయి. నాకు మాత్రం బోనులో పడినది ఏ చిరుత అన్నదే పెద్ద ప్రశ్నగా కనిపించింది.

ప్రతి చిరుత మచ్చల అమరిక వేరు. ఒకే చిరుతకు ఎడమ పక్క ఒక రకంగా, కుడి పక్క ఇంకో రకంగా ఉంటుంది. అందుకే బాటకు అటూ ఇటూ రెండు కెమెరాలు ఎదురెదురుగా కడతారు. ఒక్కటే ఉంటే, సోమవారం ఎడమ పక్క, బుధవారం కుడి పక్క పడిన ఒకే జంతువును రెండుగా లెక్కవేసే ప్రమాదం ఉంది. మచ్చలు పోల్చి చూశాకే ఆ దారిలో తిరిగేవి ఎన్ని, ఏ గంటల్లో వస్తున్నాయి, బోనులో పడ్డది వాటిలో ఒకటా అన్నది తేలుతుంది. దాడి చేసింది అదేనా అని తేల్చడానికి డీఎన్ఏ పరీక్ష దాకా వెళ్లాలి. ఈ పోలిక లేకుండా దొరికినదాన్నల్లా తరలిస్తే, ఖాళీ అయిన చోటికి ఇంకో చిరుత వస్తుంది.

2022 అంచనా ప్రకారం దేశంలో చిరుతలు 13,874, ఆంధ్రప్రదేశ్‌లో 569. నడకదారి పక్క పారేసిన తిండికి కుక్కలు, పందులు చేరితే, వాటి కోసం చిరుత వస్తుంది. దీన్ని ఆపడానికి బోను కన్నా చెత్తబుట్ట ముఖ్యమని నా అభిప్రాయం. ఇంకో తలనొప్పి, ఎక్కడిదో పాత వీడియోకు ‘ఈరోజు అలిపిరిలో’ అని రాసి పంపడం. తేదీ, చోటు లేని ఫోటో ఇలాంటి పనికే వస్తుంది.

[తెర: నవంబర్. పలమనేరు వైపు పొలం అంచున ఏనుగు పాదముద్ర, తొక్కిన వరి.]

కౌండిన్య అభయారణ్యానికి ఏనుగులు 1980లలో తమిళనాడు వైపు నుంచి వచ్చాయి. 1990లో అభయారణ్యం ఏర్పడింది. రైతుకు ఏనుగు ఫోటో అంటే పోయిన పంటకు సాక్ష్యం. అటవీ సిబ్బంది చూసేది చెవి అంచు చిరుగును, దంతాల వంపును. ఊళ్ల మీదికి వచ్చేది గుంపా, ఒంటి ఏనుగా, నిన్నటిదేనా అన్నది వాటితోనే తెలుస్తుంది. 2025 మేలో కర్ణాటక ఆంధ్రప్రదేశ్‌కు కుంకీ ఏనుగులను, అంటే అడవి ఏనుగులను తరమడానికి శిక్షణ పొందిన ఏనుగులను, ఇచ్చింది. కుంకీ దిగినా ముందు ఏ ఏనుగును తరమాలో తెలియాలి కదా. సెల్ఫీ కోసం ఫ్లాష్ వేసి ఏనుగు దగ్గరికి పోయేవారి గురించి మాట్లాడి సమయం వృథా చేయను.

[తెర: డిసెంబర్. రాతి చరియ మీద బంగారు బల్లి. చోటు పేరు లేదు.]

ఇక్కడ నేను మాట మారుస్తున్నట్టు అనిపించవచ్చు. శేషాచలం బంగారు బల్లి, దేవాంగపిల్లి లాంటి వాటి ఫోటోకు చోటు పేరు బయట పెట్టకండి. దేవాంగపిల్లిని మూఢనమ్మకాలతో పట్టేవారు ఇంకా ఉన్నారు. చోటు అటవీ అధికారికి తెలిస్తే చాలు.

వారికి ఫోటో పంపేటప్పుడు ఒక జాగ్రత్త. వాట్సాప్‌లో మామూలుగా పంపితే ఫోటో కుదించుకుపోతుంది, లోపల దాగి ఉన్న తేదీ, చోటు వివరాలు పోతాయి. డాక్యుమెంట్‌గా జతచేసి పంపండి. ఫోన్‌లో లొకేషన్ ఆపి ఉంటే దగ్గరి మైలురాయో, వాగు పేరో కింద రాయండి. చిరుత ఫోటో అయితే ఏ పక్క తీశారో చూసుకోండి. రెండో పక్క కూడా ఉంటే దాన్నీ కలపండి, మసకగా ఉన్నా సరే.