చెల్లెలికి నేర్పని ఈత

(తిరుపతిలో పిల్లల వేసవి ఈత తరగతుల ప్రారంభ సభలో ఒక విశ్రాంత నర్సు చేసిన ప్రసంగం)

వేదిక మీది పెద్దలకూ, తల్లిదండ్రులకూ, కొలను గట్టున కాళ్లాడిస్తూ కూర్చున్న పిల్లలకూ నమస్కారం. అందరి పేర్లూ వరసగా చదవమని కాగితం ఇచ్చారు. ఎండ ఎక్కుతోంది, పిల్లలు నీళ్లకేసి చూస్తున్నారు. పెద్దలు మన్నించాలి.

ఈత ఒంటికి ఎంత మంచిదో చెప్పమన్నారు. అదే రాసుకొచ్చాను. కానీ లోపలికొస్తూ పేర్ల పుస్తకం తిరగేశాను. 36 పేర్లున్నాయి. అందులో ఆడపిల్లలు నలుగురు. ఇక నేను రాసుకొచ్చింది చదవలేను.

మాది చంద్రగిరి దగ్గర స్వర్ణముఖి ఒడ్డున ఒక పల్లె. మా చేన్లో ఎద్దులతో నీళ్లు తోడే కపిల బావి ఉండేది. ఎండాకాలం సెలవుల్లో నాయన మా అన్నలిద్దరికీ ఈత నేర్పాడు. నడుముకు మోకు, వీపున రెండు ఎండు సొరబుర్రలు కట్టి దింపేవాడు. నాలుగు రోజులకు ఒక బుర్ర తీసేశాడు, ఇంకో నాలుగు రోజులకు రెండోది, ఆ తర్వాత మోకు. నేనూ చెల్లెలూ గట్టు మీద కూర్చుని అన్నల చొక్కాలకు కాపలా. "నాయనా, నాకూ బుర్ర కట్టు" అనింది చెల్లెలు. మా అవ్వ కసిరింది: "ఆడబిడ్డకు ఈతేందే? బావిలో దూకేదానికి పోతావా?"

1971 ఎండాకాలం. దానికి ఆరేళ్లు, నాకు తొమ్మిది. చేనికి సంగటి తీసుకుపోయాం. నాయన తినేసి అవతలి కయ్యలోకి పోయాడు. చెంబు కడగడానికి చెల్లెలు బావి మెట్లు దిగింది. మెట్టు నిండా పాచి. నేను పైన చింతచిగురు కోస్తున్నాను. కేక వినలేదు.

వినకపోవడం నా తప్పని చాలా ఏళ్లు ఏడ్చాను. నర్సునయ్యాక తెలిసింది, మునిగే బిడ్డ అరవలేదు. నోరు నీళ్ల పైకొచ్చిన ఆ క్షణం ఊపిరి తీసుకోవడానికే చాలదు. చేతులు ఊపి పిలవనూ లేదు, ఆ చేతులు నీళ్లను కిందికి నొక్కుతుంటాయి. ఒక్క నిమిషం కూడా పట్టదు. అమ్మా, ఫోన్ చూస్తున్న వాళ్లు ఒకసారి తలెత్తండి. చప్పుడైతే చూద్దామనుకోవద్దు. చప్పుడు కాదు.

నాకూ ఈత రాదు. నాయన దగ్గరికి పరుగెత్తాను. ఆయన దూకి తీశాడు. ఒళ్లు ఇంకా వెచ్చగానే ఉంది. ఎత్తుకుని ఎక్కడికి పోయారో తెలుసా? కుమ్మరింటికి. సారె మీద బోర్లా పడుకోబెట్టి గిరగిరా తిప్పారు. నోట్లోంచి నీళ్లొచ్చాయి. "బతికింది" అన్నారు అందరూ. ఆ నీళ్లు కడుపులోవి. దానికి కావలసింది గాలి. ఒక్కరు కూడా నోట్లో ఊపిరి ఊదలేదు.

ఇప్పుడు కూడా బిడ్డను తలకిందులుగా పట్టుకుని తిప్పేవాళ్లున్నారు, కడుపు నొక్కేవాళ్లున్నారు. అలా నొక్కితే కడుపులోది పైకొచ్చి ఊపిరితిత్తుల్లోకి పోతుంది. వెల్లకిలా పడుకోబెట్టండి. ఊపిరి లేకపోతే తల కాస్త వెనక్కి వంచి, ముక్కు మూసి, ఐదుసార్లు నోట్లో ఊదండి. కదలిక లేకపోతే రొమ్ము నడుమ 30 సార్లు నొక్కడం, రెండుసార్లు ఊదడం. 108 వచ్చేదాకా ఆపొద్దు. ఈ తరగతుల్లో మొదటి రోజు ఇది తల్లిదండ్రులకు నేర్పాలని నిర్వాహకులను అడిగాను. ఒప్పుకున్నారు.

బావులు పూడిపోయాయి కదా అంటారు. తిరుపతిలో ఇంటింటికీ సంపు ఉంది. ట్యాంకర్ వచ్చిపోయాక మూత పెట్టి తాళం వేసేవాళ్లు చేతులెత్తండి. చూడండి, లేచిన చేతులు ఎంత తక్కువో! పల్లెల్లో ప్లాస్టిక్ షీటు పరిచిన సేద్యపు కుంటలున్నాయి. అందులోకి జారితే పెద్దవాళ్లకే కాలు నిలవదు. ఏటిలో ఇసుక తవ్విన గుంతలు, పైకి మోకాలి లోతులా కనిపిస్తాయి. పాకే బిడ్డకు బకెట్లో జానెడు నీళ్లు కూడా అక్కర్లేదు. 2021లో ప్రపంచంలో దాదాపు 3 లక్షల మంది మునిగి చనిపోతే, నాలుగో వంతు ఐదేళ్లలోపు వాళ్లే. బంగ్లాదేశ్‌లో తల్లులు పనిలో ఉండే వేళ, పొద్దున తొమ్మిది నుంచి ఒంటిగంట దాకా, పసివాళ్లను ఒకచోట చేర్చి చూసుకునే 'ఆంచల్'లు పెట్టుకున్నారు. మన అంగన్వాడీ కూడా ఆ పని చేయగలదు.

ఈత వచ్చినా ఒంటరిగా వదలొద్దు. చేయి చాపితే అందేంత దూరంలో ఉండండి. చేతులకు తొడిగే గాలి బుడగల్ని నమ్మొద్దు, జారిపోతాయి. మునిగేవాళ్లను చూసి ఈత రానివాళ్లు దూకొద్దు. చీర విసరండి, తాడు విసరండి, ఖాళీ ప్లాస్టిక్ బిందె విసరండి.

మళ్లీ ఆ పుస్తకం దగ్గరికే వస్తున్నా. పాప నల్లబడుతుందని ఒక తల్లి అనింది. ఈత బట్టలు బాగుండవని ఇంకొకావిడ. నిండు చేతులవి, మోకాళ్లు దాటేవి దొరుకుతాయమ్మా. మగ మాస్టరని జంకితే ఆడ టీచర్‌ను పెట్టమని అందరం కలిసి అడుగుదాం. నేను 41వ ఏట, మా పాపతో పాటే నేర్చుకున్నాను. మొదటిసారి కాళ్లు నేల వదిలినప్పుడు నాకు మా చెల్లెలు అడిగిన సొరబుర్ర గుర్తొచ్చింది.

పుస్తకం ఆ బల్ల మీదే ఉంది. పెన్ను నా దగ్గరుంది. మూడో వరసలో పచ్చ చీర తల్లీ, కొడుకు పేరు రాయించావు కదా, ఒళ్లో కూర్చున్న ఆ పాప పేరేంటమ్మా?