చిగుళ్ళలో రక్తం, ఒంట్లో షుగర్

నమస్కారం. వాకింగ్ అయ్యాక టిఫిన్‌కు ఇంటికి పోయే వేళ, పళ్ళ డాక్టర్ మాట్లాడతాడంటే ఆగారు. సంతోషం. ఒక్క మాట అడుగుతాను. పొద్దున పళ్ళు తోముకుని ఉమ్మితే ఎర్రగా కనిపించినవాళ్ళు ఎంతమంది? చేతులెత్తక్కర్లేదు, మనసులో అనుకుంటే చాలు.

రక్తం కనిపిస్తే చాలామంది మొదట మెత్తటి బ్రష్ కొంటారు. తర్వాత ఆ వైపు తోమడం మానేస్తారు. చిక్కంతా అక్కడే. తోమని చోట పాచి పేరుకుంటుంది, లాలాజలంలోని కాల్షియంతో కలిసి గారగా గట్టిపడుతుంది. చిగురు వాస్తుంది. ఇంతవరకైతే క్లీనింగ్‌తో పూర్తిగా నయమవుతుంది. వదిలేస్తే చిగురుకూ పంటికీ మధ్య సందు లోతవుతుంది. మామూలుగా అది 1 నుంచి 3 మిల్లీమీటర్లు. 5, 6కు చేరిందంటే లోపల ఎముక కరుగుతున్నట్టే. మన పెద్దవాళ్ళు పయోరియా అన్నది దీన్నే. నొప్పి పెద్దగా ఉండదు. సంక్రాంతికి సకినం కొరికితే పన్ను కదిలిందని అప్పుడు వస్తారు.

వ్యాధి బాగా ముదిరినవాళ్ళలో, ఆ సందుల్లోని పుండంతా విప్పి పరిస్తే 8 నుంచి 20 చదరపు సెంటీమీటర్లు ఉంటుందని ఒక అంచనా. అరచేతంత అని మావాళ్ళే కొందరు భయపెడుతుంటారు, అంత ఉండదు. కానీ ఇందులో సగం పుండు మోకాలి మీద నెలల తరబడి మానకుండా ఉంటే మీ ఇంట్లోవాళ్ళు ఊరుకుంటారా?

ఇప్పుడు షుగర్ సంగతి. ఇక్కడ సగం మంది జేబుల్లో ఆ మాత్రలుంటాయి కాబట్టి దీనికే ఎక్కువ టైం తీసుకుంటాను. షుగర్ అదుపు తప్పితే చిగుళ్ళు త్వరగా పాడవుతాయి, పుండు మానదు. ఇది అందరికీ తెలిసిందే. తిరుగు దారి కూడా ఉందన్నది చాలామందికి తెలియదు. చిగుళ్ళ వాపు నుంచి రక్తంలోకి చేరే పదార్థాలు ఇన్సులిన్‌ను సరిగ్గా పనిచేయనివ్వవు. అంటే మీరు అన్నం తగ్గించి, జొన్నరొట్టె తిని, ఇన్ని రౌండ్లు నడిచినా నోట్లోంచి ఒకటి వెనక్కి లాగుతూనే ఉంటుంది. 35 పరిశోధనలను కలిపి చూసి 2022లో, వైద్య పరిశోధనలను బేరీజు వేసే కోక్రేన్ సంస్థ సమీక్ష తేల్చిందేమిటంటే, చిగుళ్ళకు చికిత్స చేస్తే మూడు నాలుగు నెలల్లో హెచ్‌బీఏ1సీ, అంటే రెండు మూడు నెలల షుగర్ సగటు చెప్పే రక్తపరీక్ష అంకె, సగటున 0.43 తగ్గుతుంది. అంటే 8.2 ఉన్నది 7.8కి దగ్గర పడటం. చిన్న అంకెలా ఉంది కదా, మీ షుగర్ డాక్టర్‌ను అడగండి. దాని విలువ ఆయనకు తెలుసు. మాత్రలు మాత్రం మానకండి, ఇది వాటికి తోడే.

గుండె దగ్గర నేను కొంచెం జాగ్రత్తగా మాట్లాడతాను. చిగుళ్ళ వ్యాధి ఉన్నవాళ్ళలో గుండెజబ్బులు ఎక్కువగా కనిపిస్తాయి, నిజమే. కానీ దానివల్లే వస్తున్నాయని రుజువు కాలేదని అమెరికన్ హార్ట్ అసోసియేషన్ 2012లోనే స్పష్టంగా చెప్పింది. చిగుళ్ళ వ్యాధికీ గుండెజబ్బుకూ సిగరెట్, షుగర్ ఉమ్మడి కారణాలు మరి. ‘క్లీనింగ్ చేయించుకుంటే హార్ట్ ఎటాక్ రాదు’ అని ఎవరైనా ప్యాకేజీ అమ్మితే కొనకండి. వందేళ్ళ కిందట పాశ్చాత్య దేశాల్లో ప్రతి రోగానికీ మూలం పళ్ళేనని మంచి పళ్ళు కూడా పీకేశారు. ఆ అతి మనకొద్దు.

గర్భిణులకు క్లీనింగ్ చేయించొచ్చు, ప్రమాదం లేదు.

‘క్లీనింగ్ చేయిస్తే పళ్ళు వదులవుతాయట కదా డాక్టర్ గారూ’ అని రోజూ కనీసం ఒకరైనా అడుగుతారు. వదులైన పళ్ళనే గార సిమెంటులా పట్టుకుని ఉంటుంది. అది తీస్తే అసలు సంగతి బయటపడుతుంది. కొన్నాళ్ళు చల్లనీళ్ళకు జివ్వుమంటుంది, తగ్గిపోతుంది.

పొగతాగేవాళ్ళు, గుట్కా వేసేవాళ్ళు రక్తం రావట్లేదని ధీమా పడకండి. నికోటిన్ రక్తనాళాలను బిగిస్తుంది, రక్తం రాకుండానే ఎముక కరిగిపోతుంది. బీపీకి ఆమ్లోడిపిన్ వాడేవాళ్ళలో కొందరికి చిగుళ్ళు ఉబ్బుతాయి. అలాగైతే మీ అంతట మీరు మాత్ర ఆపకుండా డాక్టర్‌కు చూపించండి. గుండెలో కృత్రిమ కవాటం ఉన్నవాళ్ళు, క్లీనింగ్ కుర్చీలో కూర్చునే ముందే ఆ మాట చెప్పాలి, వాళ్ళకు ముందుగా యాంటీబయాటిక్ ఇవ్వాల్సి ఉంటుంది.